నెమరు ఆగని మెదడు

"మ్యాజిక్ మష్రూమ్ (మత్తెక్కించి భ్రమలు కలిగించే పుట్టగొడుగు) తింటే చెట్ల మీద ప్రేమ పుడుతుందట, నిజమేనా?" అని ఓ పాఠకుడు అడిగారు. జవాబు ఆవు దగ్గర మొదలుపెడతాను.

నెమరేసే ఆవు మెడను దగ్గరగా చూడండి. ముద్ద కిందినుంచి పైకి పాకడం చర్మం కింద కనబడుతుంది. దవడ పక్కకి జరుగుతూ ఓ యాభైసార్లు నమిలాక ముద్ద కిందికి జారుతుంది. కాసేపాగి ఇంకో ముద్ద. రోజుకి ఏడెనిమిది గంటలు ఇదే పని. పొట్టలో మూడో అర ముందు జల్లెడలాంటి దారి ఉంది, బాగా నలిగిన పీచే దాన్ని దాటుతుంది. అంటే ఆవు నెమరుకి ఓ ముగింపు ఉంది.

డిప్రెషన్‌లో మనసు చేసే పనిని ఇంగ్లీషువాళ్లూ నెమరు అనే అంటారు. "ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది" అన్న ముద్ద పైకొస్తుంది, నలుగుతుంది, దిగుతుంది, మళ్లీ వస్తుంది. ఎంత నమిలినా పీచు సన్నబడదు, జల్లెడ దాటదు. మనమేమో తీపి జ్ఞాపకాల్నే నెమరేసుకుని, చేదువాటికి 'కుమిలిపోవడం' అని వేరే మాట పెట్టుకున్నాం. ఆవు నెమరు మానేస్తే జబ్బు చేసిందంటారు. మనిషికి మానకపోవడమే జబ్బు.

2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 38 మందిని 90 నిమిషాలు నడిపించారు. కొందరు చెట్లూ గడ్డీ మధ్య, మిగతావాళ్లు రద్దీ రోడ్డు పక్కన. మొదటివారిలో ఈ నెమరు తగ్గింది, దానితో ముడిపడిన, మెదడు ముందువైపుండే సబ్‌జెన్యువల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే భాగం కూడా నెమ్మదించింది. రోడ్డు పక్కన నడిచినవారిలో ఈ మార్పు లేదు.

ఇక మష్రూమ్. స్విస్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1958లో అందులోంచి వేరుచేసిన సైలోసైబిన్ ఒంట్లోకి వెళ్లగానే ఫాస్ఫేటు ముక్క ఊడి సైలోసిన్ అవుతుంది. అది న్యూరాన్లు (మెదడు కణాలు) సెరటోనిన్ అనే సంకేత రసాయనాన్ని అందుకునే చోట్లకు, అంటే సెరటోనిన్ 2ఏ గ్రాహకాలకు, అతుక్కుంటుంది. మెదడు పైభాగమైన కార్టెక్స్ ఐదో పొరలోని పిరమిడ్ ఆకారపు న్యూరాన్లపై ఇవి దట్టంగా ఉంటాయి. దాంతో న్యూరాన్ల లయ చెదురుతుంది. మన గురించి మనం తలపోసుకునేటప్పుడు పనిచేసే డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ పట్టు సడలుతుంది. దవడ ఆగినట్టే. 'నేను' ఎక్కడిదాకా, లోకం ఎక్కడినుంచి అన్న గీత కూడా చెరుగుతుంది.

'ప్రకృతి నుంచి వచ్చింది కాబట్టి హాని చెయ్యదు' అన్నది మాత్రం పచ్చి మూఢనమ్మకం. డెత్ క్యాప్ కూడా పుట్టగొడుగే, కాలేయాన్ని చంపేస్తుంది. సైలోసైబిన్ చాలా దేశాల్లో నిషిద్ధం. సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే మానసిక స్థితి) చరిత్ర ఉన్నవారిని ఈ మందు పరీక్షల్లోకే తీసుకోరు.

పాఠకుడి ప్రశ్నకి వస్తే, మొండి డిప్రెషన్ ఉన్నవారికి సైలోసైబిన్ ఇచ్చి చూసిన లండన్ పరిశోధకులు 2018లో ఓ చిన్న ఫలితం ప్రచురించారు. ప్రకృతి తమలో ఎంత భాగమో అడిగే ప్రశ్నావళిలో రోగుల మార్కులు పెరిగాయి, నెలల తర్వాతా తగ్గలేదు. రోగులు ఏడుగురే, కాబట్టి నేనైతే దీనిమీద పందెం కాయను. కానీ ఒక్క సంగతి నన్ను వదలడం లేదు. మందు పనిచేసినన్ని గంటలూ వాళ్లు ఏ అడవిలోనూ లేరు. గదిలో పడుకుని, కళ్లకు గంతలు పెట్టుకుని, సంగీతం వింటున్నారు.