స్మృతి దినాలు, తీరని దుఃఖం: అపోహలు – వాస్తవాలు

నవంబరు మూడో ఆదివారం రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళను తలుచుకునే ప్రపంచ దినం. ఐక్యరాజ్యసమితి 2005లో దీన్ని గుర్తించింది. జనవరి 30న ఉదయం 11 గంటలకు రెండు నిమిషాల మౌనం, జులై 26న కార్గిల్ విజయ దివస్, అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం ఎప్పట్నుంచో ఉన్నవే. ఘోర రోడ్డు ప్రమాదాలు జరిగిన భాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్ పేర్లు వింటేనే గుండె గుభేలుమనే ఇళ్ళు తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో తక్కువేం లేవు. అందుకే ఇక్కడి కాలేజీలు, పంచాయతీలు, యువజన సంఘాలు ఇలాంటి సభలు పెట్టాలనుకోవడం మంచిదే. అయినవాళ్ళను పోగొట్టుకున్న కుటుంబాలకు కౌన్సెలింగ్ చేసే మాకు, ఆ సభల ముందూ వెనకా వినపడే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఏది నిజం, ఏది కాదు అన్నదే ఇక్కడ రాస్తున్నాం.

"కొవ్వొత్తులు పట్టుకుని నడిస్తే చాలు, ఆ ఇంటికి ఓదార్పు."

ఆ సాయంత్రానికి ఓదార్పే. తెల్లారితే ఆ ఇంట్లో మళ్ళీ అదే ప్రశ్న: మా అబ్బోడు ఎట్లా పోయాడో ఎవరైనా రాసిపెట్టారా, తప్పు ఎక్కడ జరిగిందో ఎవరైనా ఒప్పుకున్నారా? దానికి జవాబు లేకుండా రోజు మాత్రం పెడితే కుటుంబాలకు కోపమే మిగులుతుంది.

1959 అక్టోబరు 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు ప్రాణాలు వదిలారు. పోలీసు అమరవీరుల దినం వాళ్ళ పేరునే మొదలైంది. ఇన్నేళ్ళయినా ఆ రోజుకు విలువ తగ్గకపోవడానికి కారణం, ఆ ఏడాది విధుల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి పేరూ చదవడమే అని మా అభిప్రాయం. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కుపోయిన చరిత్ర మీద విచారణ నివేదిక 1997 మే 26న పార్లమెంటు ముందుకు వచ్చింది. మరుసటి ఏడాది అదే తేదీన మొదటిసారి జాతీయ క్షమాపణ దినం జరిపారు. పార్లమెంటులో ప్రధానమంత్రి నోట క్షమాపణ వచ్చింది మాత్రం 2008 ఫిబ్రవరి 13న. నిజం ముందు బయటికి రావాలి, రోజు దాని వెనక రావాలి.

అంత పెద్దది మన చేతుల్లో లేకపోవచ్చు. రోడ్డు ప్రమాదాల సభ పెట్టేవాళ్ళు ఒక పని మాత్రం తప్పకుండా చేయగలరు. ఒక మూల బల్ల వేసి, న్యాయ సేవాధికార సంస్థ తరఫున ఒకరిని కూర్చోబెట్టండి. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందని చాలామందికి తెలియదు. ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఈ నాలుగూ ఉన్నాయా అని అడగాలి. ఢీకొట్టిన బండి ఏదో తెలియకపోయినా 2022 ఏప్రిల్ 1 తర్వాతి మరణాలకు 2 లక్షల రూపాయల పరిహారం ఉంది. బండి తెలిస్తే, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో వేసే కేసుకు చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. దుఃఖంలో ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. దాటిపోయిందని ఇంట్లోనే కూర్చోకుండా న్యాయవాదిని అడగమనండి.

"వాళ్ళ ముందు ఆ మాటే ఎత్తకూడదు, గుర్తొచ్చి ఏడుస్తారు."

మరిచిపోయి ఉంటే కదా గుర్తు రావడానికి. మనం పేరు ఎత్తకపోతే, ఊరంతా తమ బిడ్డను మరిచిపోయిందని వాళ్ళు అనుకుంటారు. కన్నీళ్ళు రావడం హాని కాదు. ఒంటరిగా, బాత్రూంలో కొళాయి తిప్పుకుని ఏడవాల్సి రావడమే హాని.

ఏం మాట్లాడాలో తెలియక మనవాళ్ళు నోటికొచ్చింది అనేస్తారు. "అంతా కర్మ", "ఇంకో బిడ్డ ఉన్నాడు కదమ్మా", "పుణ్యాత్ముడు, స్వామి పిలుచుకున్నాడు". ప్రేమతో అన్నవే, కానీ వినేవాళ్ళకు నోరు మూయించినట్టు ఉంటుంది. కుటుంబమే స్వామి మాట తెస్తే తల ఊపండి, మీరుగా తేవద్దు. దానికి బదులు పేరు పెట్టి, తెలిసిన ఒక్క సంగతి చెప్పండి: "అన్న అంగడి దగ్గర కనపడితే మా నాయన్ను అడక్కుండా పోయేవాడు కాదు." ఏమీ గుర్తు లేకపోతే పక్కన కూర్చుంటే చాలు.

"సంవత్సరీకం అయిపోయింది కదా, ఇంక ఆ రోజుతో పనేముంది?"

ఒక్కో ఇంటికి ఆ రోజు మూడుసార్లు వస్తుంది. తద్దినం తిథి ప్రకారం. సెల్‌ఫోన్ చూపించేది ఇంగ్లీషు తేదీ. సభ జరిగేది ప్రభుత్వమో ఐక్యరాజ్యసమితో పెట్టిన రోజు. ఇంగ్లీషు తేదీతో చూస్తే తిథి ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తుంది, మధ్యలో అధిక మాసం వస్తే 19 రోజుల దాకా ఆలస్యంగా వస్తుంది. వీటికి తోడు మహాలయ పక్షం, సంక్రాంతికి పెద్దలకు పెట్టుకోవడం. క్రైస్తవుల ఇళ్ళలో నవంబరు 2న సమాధుల దగ్గరికి పోతారు, ముస్లింల ఇళ్ళలో నలభయ్యో రోజు చేస్తారు.

ఆ తేదీ ఇంకా వారం పది రోజులు ఉందనగానే నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, ఒళ్ళు నొప్పులు, బీపీ, షుగరు మాత్రలు వేసుకోవడం మరిచిపోవడం మొదలవుతాయి. కారణం వాళ్ళకే తట్టదు. "ఏ రోజు మీకు కష్టంగా ఉంటుంది?" అని ముందే అడిగి రాసిపెట్టుకోండి. ఆ వారంలో ఒకరు ఇంటికి వెళ్ళి ఒక పూట అన్నం వాళ్ళతో తింటే, సభలో శాలువా కప్పడం కంటే ఎక్కువ మేలు.

"మైకు ఇచ్చి జరిగిందంతా చెప్పిస్తే గుండె బరువు దిగుతుంది."

అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. ఘోరం చూసినవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి, ఒకే విడతలో మొత్తం చెప్పించడం వల్ల తర్వాతి మానసిక సమస్యలు ఆగవని పరిశోధనల్లో తేలింది. కొందరికి ఇంకా ఎక్కువయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని వద్దంటుంది. అది 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శకంలో ఉన్నవి మూడే పనులు: పరిస్థితి చూడడం, చెప్పినంత వినడం, కావలసిన సాయంతో కలపడం. తవ్వి అడగడం అందులో లేదు.

కాబట్టి సభ ఇలా పెట్టుకోండి. మూడు వారాల ముందే ప్రతి ఇంటికీ ఒకే మనిషి వెళ్ళాలి. రోజుకొకరు వెళితే ప్రతిసారీ కథంతా మొదట్నుంచి చెప్పాలి. పేరు చదవొచ్చా, ఫోటో పెట్టొచ్చా, ఏ ఫోటో, ఎవరు వస్తారు, ఈ నాలుగే అడగండి. వద్దంటే వద్దు, కారణం అడగక్కర్లేదు. పేరు వాళ్ళ చేతే కాగితం మీద రాయించుకోండి. ఇంటిపేరు తప్పు చదివితే ఆ తల్లికి అది ఏళ్ళ తరబడి గుచ్చుకుంటుంది. కార్యక్రమం 45 నిమిషాలు దాటకూడదు. పేరుకూ పేరుకూ మధ్య నాలుగైదు సెకన్లు ఆగాలి. ఉపన్యాసం ఒక్కటి చాలు, అదీ ఐదు నిమిషాలే. నుజ్జయిన కారు ఫోటోలు, సైరన్ శబ్దాలు వద్దు. ఫ్లెక్సీ మీద నాయకుల బొమ్మలు పెద్దవిగా, పోయినవాళ్ళవి కింద స్టాంపు సైజులో వేయడం ఆ కుటుంబాలకు అవమానం. అసలు నాయకుల బొమ్మలే వేయకండి. కుర్చీలు తలుపు దగ్గరగా వేయండి, మధ్యలో లేచి పోవాలనిపిస్తే ఎవరి కాళ్ళూ తొక్కకుండా పోగలగాలి. పక్కన ఫ్యాను, నీళ్ళు ఉన్న ఒక గది ఖాళీగా ఉంచండి.

ఎవరైనా ఒక్కసారిగా కుప్పకూలితే గుమిగూడొద్దు, మొహాన నీళ్ళు కొట్టొద్దు. ఒక్కరే వెళ్ళి, వాళ్ళ ఎత్తులోనే పక్కన కూర్చోవాలి. పాదాలు నేలకు ఆనించమనాలి. గాలి మెల్లగా వదలమనాలి, పీల్చినదానికంటే వదిలేది ఎక్కువ సేపు ఉండాలి. ఎదురుగా కనపడే ఐదు వస్తువుల పేర్లు చెప్పమనాలి. చాలామంది పది, పదిహేను నిమిషాల్లో తేరుకుంటారు. ఛాతీ నొప్పి అన్నా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చేయాలి. రువాండాలో 1994 నరమేధాన్ని ఏటా ఏప్రిల్ 7 నుంచి వంద రోజులు తలుచుకుంటారు. అక్కడి సభల్లో ఇలా కూలిపోయేవాళ్ళ కోసం శిక్షణ పొందినవాళ్ళను ముందే సిద్ధంగా ఉంచుతారు. మన సభకు కనీసం ఇద్దరు ఉండాలి.

"భర్త పోయినామె దీపం వెలిగించకూడదు."

ఏ చట్టంలోనూ లేదు. వేదిక మీద వీర నారి అని చప్పట్లు కొట్టి, ఇంట్లో పెళ్ళికూతురుకు పసుపు రాసేటప్పుడు ఆమెను పక్కకు జరగమంటే ఆ గౌరవానికి అర్థం లేదు. మొదటి దీపం ఎవరు వెలిగించాలో ఆమెనే అడగండి. పెద్దవాళ్ళు అభ్యంతరం చెబుతారని తెలిస్తే సభకు ముందే ఇంటికి వెళ్ళి మాట్లాడుకోండి. అందరి ముందూ వాదన పెట్టుకుంటే దెబ్బ తగిలేది ఆమెకే.

"పిలకాయలకు తెలియనీయకూడదు."

వాళ్ళకు తెలుస్తూనే ఉంటుంది, అడిగే ధైర్యం ఉండదు. "నాయన ఊరికి పోయినాడు" అంటే రోజూ గేటు దగ్గర చూస్తారు. "నిద్రపోయాడు" అంటే రాత్రి పడుకోవడానికే భయపడతారు. "యాక్సిడెంట్‌లో దెబ్బలు తగిలి నాయన చనిపోయాడు. ఒళ్ళు పని చేయడం ఆగిపోయింది, ఇంక తిరిగి రాడు. నీ తప్పేం లేదు." ఇంతే చెప్పాలి. చివరి మాట తప్పనిసరి. తాము అల్లరి చేయబట్టే ఇలా జరిగిందని చాలామంది చిన్నపిల్లలు లోపల అనుకుంటారు. సభకు వస్తానంటే తీసుకురండి. విసుగొస్తే బయటికి తీసుకుపోయే మనిషి ఒకరు ఉండాలి, ఆ మనిషి తల్లి కాకూడదు.

"ఏడాది తిరిగితే మామూలు మనిషి అయిపోవాలి."

దుఃఖానికి ఐదు మెట్లు ఉన్నాయని, వరసగా ఎక్కితే అయిపోతుందని చాలామంది నమ్ముతారు. 1969లో ఆ ఐదు దశలు రాసింది తమ చావు దగ్గరపడిందని తెలిసిన రోగుల గురించి. వెనక మిగిలినవాళ్ళ దుఃఖం వరసగా నడవదు, తగ్గుతుంది, పండగొస్తే మళ్ళీ పైకి లేస్తుంది. అది జబ్బు కాదు.

అయితే గమనించాల్సిన హద్దు ఒకటి ఉంది. పోయినవాళ్ళ మీద తీరని బెంగ రోజంతా పట్టి పీడిస్తూ, పనీ తిండీ మనుషులూ పట్టకుండా నెలల తరబడి సాగితే దాన్ని వైద్యులు గుర్తిస్తారు, దానికి చికిత్స ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఆ హద్దు కనీసం ఆరు నెలలు, అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో పెద్దవాళ్ళకు 12 నెలలు. "నేనూ వాడి దగ్గరికి పోతా" అన్న మాట వినపడితే నెలలు లెక్కపెట్టొద్దు. ఆ రోజే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

"తాగి నడిపినోడి పేరు కూడా చదవాలా?"

కష్టమైన ప్రశ్న. వాడి తల్లికీ కడుపుకోతే, దానికి సిగ్గు తోడు. ఆమె ఇంటికి ఓదార్పుకు వచ్చేవాళ్ళు కూడా తక్కువ. చదవాలన్నదే మా మాట. కానీ అదే ప్రమాదంలో పోయిన అవతలి కుటుంబాన్ని ముందు అడగాలి. వాళ్ళు ఒప్పుకోకపోతే ఆ ఏడాదికి ఆపండి, ఆ తల్లి దగ్గరికి విడిగా వెళ్ళండి. రెండు ఊళ్ళ మధ్యో, రెండు కులాల మధ్యో కేసు నడుస్తుంటే ఒకే వరసలో కుర్చీలు వేసి రాజీ చేయబోకండి. సభ రాజీకి చోటు కాదు.

"పోయినవాళ్ళు మన ఊరివాళ్ళు కాదు కదా."

తిరుపతిలో ఈ మాట మరీ చెల్లదు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో చనిపోయిన ఆరుగురూ భక్తులు. 2022 మార్చి 26 రాత్రి భాకరాపేట ఘాట్‌లో లోయలో పడిన బస్సు ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్నది. ఇలాంటి కుటుంబాలు మళ్ళీ ఈ దారి పట్టడానికే భయపడొచ్చు, లేదా ఆ చోటు ఒక్కసారి చూసి పోవాలని అడగొచ్చు. రెండూ సహజమే. రాలేనివాళ్ళ పేర్లు చదివేటప్పుడు ఫోన్‌లో వినిపించండి, రికార్డు చేస్తే కుటుంబానికి మాత్రమే పంపండి, వాట్సాప్ గ్రూపుల్లో వేయొద్దు. వస్తామంటే బస్టాండుకు ఎదురెళ్ళే మనిషి ఒకరు, ఆ చోటు దగ్గర పక్కన నిలబడే మనిషి ఒకరు కావాలి. ఇద్దరూ ఒకరే అయితే ఇంకా మంచిది. తిరిగి ఇల్లు చేరాక మూడో రోజున ఒకసారి, నెల తిరిగేలోపు ఇంకోసారి అదే మనిషి ఫోన్ చేయాలి.