పైకి లేవని కారు దీపం: మనవలకు తాతయ్య ఉత్తరం

నోవై, మిషిగన్

చిరంజీవులైన మనవలిద్దరికీ తాతయ్య అనేక ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీ బాబాయి కారు సంగతి చెబుతుండగా మాట మధ్యలోనే ఆగిపోయింది. బానెట్టులోంచి పైకి లేచే దీపాలు ఎలా ఉంటాయో మీరు చూడలేదనీ, మోటారు పట్టేస్తే కొత్తది బిగించక విప్పి బాగుచేయడం ఎందుకనీ అడిగారు. ఆటోమొబైల్ డిప్లొమా చదువుతున్న మీకు ఈ రెండు ప్రశ్నలకూ ఫోనులో తొందరగా జవాబు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఈ ఉత్తరం.

బాబాయి కారు 1992 నాటి మాజ్దా మియాటా. జపానులోని హిరోషిమాలో తయారైన ఇద్దరు కూర్చునే చిన్న బండి. ఈ నమూనాను 1989 ఫిబ్రవరిలో చికాగో ప్రదర్శనలో మొదటిసారి చూపించారు. పగలు దీని ముందుభాగం నున్నగా ఉంటుంది. మీట తిప్పగానే రెండు మూతలు లేచి, వాటి కింద నుంచి 7 అంగుళాల గుండ్రని దీపాలు బయటికి వస్తాయి. ఈ ఏర్పాటు కేవలం అందం కోసం పుట్టలేదు. అమెరికాలో 1983 దాకా ప్రభుత్వం నిర్ణయించిన కొలతల్లో ఉన్న సీల్డ్ బీమ్ దీపాలనే, అంటే బల్బూ అద్దమూ విడదీయలేకుండా ఒకటిగా మూసేసిన దీపాలనే, వాడాల్సి వచ్చేది. పైగా దీపం నేలకు కనీసం 22 అంగుళాల ఎత్తున ఉండాలి. గాలిని చీల్చుకుపోయేలా ముక్కు కిందికి వంచి కారు గీసిన వాళ్ళకు ఆ ఎత్తు అందేది కాదు. అవసరమైనప్పుడు మాత్రమే దీపాన్ని పైకి లేపడం వాళ్ళు వెతుక్కున్న దారి. అంతకు చాలా ముందే, 1936లో, కార్డ్ 810 అనే కారులో లోపల కూర్చుని చేతితో పిడి తిప్పితే దీపాలు బయటికి వచ్చేవి. 2004 తరువాత ఇలాంటి దీపాలతో పెద్ద ఎత్తున తయారైన కారు లేదు. మియాటాలో కూడా 1998 నుంచి మామూలు దీపాలే వచ్చాయి.

ఇక యంత్రం సంగతి. మీకు బాగా తెలిసిన వస్తువుతో మొదలుపెడతాను. మన ఆటోనగర్‌లో లారీ వైపర్ మోటారు విప్పడం మీరు చూశారు కదా. మోటారు ఇరుసు మీద మర చుట్టులా ఉండే వర్మ్ గేరు, దానికి ఆనుకుని పెద్ద పళ్ళచక్రం, ఆ చక్రం ఇరుసు బయటి కొసన చెయ్యి అని పిలిచే ఒక ఇనుప పట్టీ, చేతికి తగిలించిన కడ్డీ ఉంటాయి. స్విచ్చి ఆపినా వైపర్ అద్దం మధ్యలో నిలిచిపోకుండా తన చోటికి వెళ్ళి ఆగుతుంది. పళ్ళచక్రంతో పాటు తిరిగే రేకు, సరైన చోటికి రాగానే కరెంటు తెంచడమే దానికి కారణం. మియాటా దీపపు మోటారు దీనికి తోబుట్టువు అనవచ్చు. అదీ ఒకే దిక్కుకు తిరుగుతుంది. చెయ్యి అరచుట్టు తిరిగితే దీపం లేస్తుంది, మిగతా అరచుట్టు తిరిగితే దిగుతుంది. లేచిన చోట ఒకసారి, దిగిన చోట ఒకసారి లోపలి స్పర్శలు, అంటే ఒకదానికొకటి తగిలి కరెంటును కలిపే రేకులు, కరెంటును తెంచుతాయి. ఈ రెండు చోట్లా చెయ్యీ కడ్డీ ఒకే వరుసలోకి వస్తాయి కనుక ఎదురుగాలి ఎంత నెట్టినా దీపం వెనక్కి పడిపోదు. ఇది గుర్తుంటే, మొండికేసిన దీపాన్ని చేత్తో పట్టుకుని లాగకూడదని ఎందుకు అంటున్నానో అర్థమవుతుంది. వర్మ్ గేరు పెద్ద చక్రాన్ని తిప్పగలదు గానీ పెద్ద చక్రం వర్మ్ గేరును తిప్పలేదు. మీరు లాగిన బలమంతా ఆ చక్రం పళ్ళ మీద పడి, అవి ఊడి వస్తాయి.

లాగకుండా లేపడానికి తయారుచేసిన వాళ్ళే దారి పెట్టారు. మోటారు కొసన ఒక చిన్న మూత కింద చేతితో తిప్పే పిడి ఉంటుంది. దాన్ని ఓపికగా చాలా చుట్లు తిప్పితే దీపం నెమ్మదిగా పైకి వస్తుంది. ఏదో ఒకనాడు మోటారు పనిచేయదని ముందే ఊహించి, చీకట్లో దారిలో నిలిచిపోయిన మనిషి గురించి ఆలోచించి పెట్టిన ఆ పిడి అంటే నాకు చాలా గౌరవం. అయితే దాన్ని ముట్టుకునే ముందు దీపాల మోటారుకు వెళ్ళే ఫ్యూజు తీసేయండి, లేదా బ్యాటరీ తీగ విప్పండి. సగంలో ఆగిన మోటారుకు హఠాత్తుగా కరెంటు అందితే మూతకూ బాడీకీ మధ్య వేళ్ళు నలిగిపోతాయి.

మార్చిలో ఒక సాయంత్రం బాబాయి మీట తిప్పితే కుడి దీపం లేచింది, ఎడమది లేవలేదు. కారు చలికాలమంతా కదలకుండా ఉంది. దగ్గరలోని ఒక గ్యారేజీలో చూపిస్తే, విప్పి చూడకుండానే మోటారు పోయిందనీ, మొత్తం మార్చాలనీ చెప్పారట. ఆ మాట నాకు రుచించలేదు. మోటారు పోయిందని తేల్చేముందు వినవలసినది దాని చప్పుడు. అసలు శబ్దమే లేకపోతే ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి), తీగల వైపు చూడాలి. గిర్రుమని జోరుగా తిరుగుతున్నా దీపం కదలకపోతే లోపలి పళ్ళు అరిగిపోయి ఉండాలి. దీపం ఆగకుండా లేస్తూ దిగుతూ ఉంటే, ఆగే చోటు చెప్పవలసిన స్పర్శలు పాడయ్యాయన్నమాట. బాబాయి చేత మీట తిప్పించి నేను బానెట్టు దగ్గర చెవి పెట్టాను. సన్నగా మూలిగినట్టు ఒక శబ్దం వచ్చింది. అంటే మోటారు బతికే ఉంది, తిరగాలని ప్రయత్నిస్తోంది. అయితే దానికి తగినంత కరెంటు అందడం లేదు, లేదా మోయలేని బరువు దాని మీద ఉంది.

ఈ రెంటినీ విడదీయడానికి మల్టీమీటరు తీసుకున్నాను. బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు ఉన్నాయి. మీట తిప్పి ఉంచి మోటారు కనెక్టరు దగ్గర చూస్తే 8.5 మాత్రమే కనిపించింది. ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. మోటారు విప్పేసి కనెక్టరు దగ్గర ఖాళీగా కొలిస్తే పూర్తి 12 వోల్టులు చూపించి మీటరు మిమ్మల్ని పక్కదారి పట్టిస్తుంది. కరెంటు లాగుతున్నప్పుడే లోపం బయటపడుతుంది. తరువాత మీటరు ఒక కొసను బ్యాటరీ నెగెటివ్ మీద, రెండో కొసను మోటారు ఎర్త్ తీగ మీద పెట్టాను. దాదాపు సున్నా చూపవలసిన చోట మూడున్నర వోల్టులు చూపించింది. పోయిన వోల్టుల్లో దాదాపు అన్నీ ఆ ఎర్త్ బోల్టు దగ్గరే పోతున్నాయి. ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు చేరి బోల్టు కింద పచ్చగా, ఎర్రగా తుప్పు పేరుకుంది. బోల్టు విప్పి, బాడీ మీద లోహం మెరిసేదాకా గీకి, తీగ కొసనున్న రింగు శుభ్రం చేసి బిగించి, పైన కాస్త గ్రీజు పూశాను. కనెక్టరు దగ్గర వోల్టేజి 11.7కు వచ్చింది.

దీపం లేచింది గానీ సగంలో ఆగింది. ఒకే రోగానికి రెండు కారణాలుంటాయని అప్పుడు తేలింది. చాలామంది ఇక్కడే మోటారును తప్పుపడతారు. నేను కడ్డీని మోటారు చేతి నుంచి విడదీసి చూశాను. కడ్డీ లేకుండా మోటారు తిరిగింది, కానీ నెమ్మదిగా. దీపపు చట్రం మడతబందు దగ్గర చేత్తో ఆడిస్తే బిగుసుకుపోయి కిర్రుమంది. అంటే రెండు చోట్లా పని ఉంది. మడతబందుల సంగతి తొందరగానే తేలింది. తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి ఉంచి, అటూ ఇటూ ఆడించి, తుడిచి, కొత్త గ్రీజు పెట్టాను. ఆ నూనెనే గ్రీజు అనుకుని అంతటితో వదిలేస్తే, పాత గ్రీజు కడిగేసుకుపోయి కొన్ని నెలలకు ఇంకా గట్టిగా పట్టేస్తుంది.

మోటారు విప్పేటప్పుడు మాత్రం తొందర పనికిరాదు. మోటారు చెయ్యి ఇరుసు మీద ఏ కోణంలో ఉందో ముందు పెయింటుతో గుర్తు పెట్టుకున్నాను. చేతి నట్టు వదులు చేసేటప్పుడు రెండో పానాతో చేతిని కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే నట్టు తిప్పే బలం లోపలి చక్రం పళ్ళ మీదికి పోతుంది. మూత తీసేసరికి ముప్పై ఏళ్ళ నాటి గ్రీజు ముదురు పాకంలా గట్టిపడి వర్మ్ గేరును అంటిపెట్టుకుని ఉంది. దాన్ని చెక్కపుల్లతో తీసి, కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడిచాను. స్పర్శల రేకులు నల్లబడితే ఆల్కహాలు తడిపిన గుడ్డతో తుడిచాను. రేకుల వంపు చెదిరితే దీపం తప్పు చోట ఆగుతుంది కనుక వాటిని నొక్కలేదు. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న దిమ్మలు, అంటే కార్బన్లు, ఇంకా సగానికి పైగా ఉన్నాయి, కానీ ఒకటి తన గూట్లో దుమ్ము పట్టి జారడం లేదు. కార్బన్ స్ప్రింగు బలంతో ఆర్మేచర్ (ఆ తిరిగే భాగం) రాగి మీద ఆనకపోతే మోటారుకు శక్తి ఉండదు. గూడు తుడిచి, రాగిని సన్నని గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, రాగి పట్టీల మధ్య సందుల్లోని కార్బన్ పొడిని పుల్లతో తీశాను. అక్కడ ఎమరీ కాగితం వాడకండి. దాని రేణువులు ఆ సందుల్లో ఇరుక్కుని పట్టీలను ఒకదానితో ఒకటి కలిపేస్తాయి. చివరికి గేరు పళ్ళకు కొత్త లిథియం గ్రీజు పలచగా రాసి, గుర్తు ప్రకారం చెయ్యి బిగించాను.

ఎడమ దీపం ఇప్పుడు కుడిదానితో పాటే లేస్తోంది. బాబాయి ఆ రాత్రి కారును గోడకు ఎదురుగా నిలిపి రెండు వెలుగులూ ఒకే ఎత్తులో పడుతున్నాయో లేదో చూసుకున్నాడు. చలికాలంలో కారు కదపకపోయినా నెలకొకసారి దీపాలు లేపి దించమని చెప్పాను. గ్రీజు ఒకేచోట గడ్డకట్టకుండా ఉంటుంది.

వచ్చే ఆదివారం మన పాత షెడ్డుకు వెళ్ళండి. తుక్కులో పడేసిన వైపర్ మోటారు ఒకటి అడిగి తెచ్చుకోండి. మూత తీసి, తిరిగే రేకు ఎక్కడ తెగి ఉందో, కరెంటు ఏ దారిన వచ్చి ఎక్కడ ఆగుతుందో కాగితం మీద గీసి, దాని ఫొటో నాకు పంపండి. దీపపు మోటారు బొమ్మ నేను ఇక్కడ గీసి ఉంచాను. రెండూ పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
తాతయ్య