పేసర్, వాల్, బిబ్, డీఎన్‌ఎఫ్: రేసు మాటల మీద అపోహలు - వాస్తవాలు

ప్రతి ఆదివారం పొద్దున ఐదున్నరకి బెంగళూరు కబ్బన్ పార్కులో మన తెలుగోళ్ళం ఓ ఇరవై మందిమి కలిసి పరిగెడతాం. నేను పదకొండేళ్ళుగా రేసుల్లో ఉన్నా, అందులో ఆరేళ్ళ నుంచి పేసర్‌గా, అంటే ఒక టైమ్‌కి ముగించాలనుకునే గుంపుని ఆ స్పీడులో నడిపించేవాడిగా, జెండా కూడా పట్టుకుంటున్నా. కొత్తగా వచ్చేవాళ్ళు వాట్సాప్ గ్రూపుల్లో, రన్నర్ల యాప్ స్ట్రావాలో చూసిన మాటల్ని సగం సగం అర్థం చేసుకుని వస్తారు, ఆ సగం అర్థంతోనే రేసుకి దిగుతారు, తర్వాత మోకాలు పట్టుకుని ఫోన్ చేస్తారు. అందుకే నాకు పదే పదే ఎదురయ్యేవి ఇక్కడ రాస్తున్నా.

అపోహ: రేసు ఏదైనా మారథానే

ఊళ్ళో మా అత్తయ్య దగ్గర్నించి ఆఫీసులో హెచ్‌ఆర్ దాకా అందరూ "5కే మారథాన్", "10కే మారథాన్" అనేస్తారు. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు, అంతే. 1896 ఏథెన్స్‌లో అది దాదాపు 40 కిలోమీటర్లే, 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ముందు ముగిసేలా దారి వేస్తే 26 మైళ్ళ 385 గజాలొచ్చింది, 1921లో అదే లెక్క ఖాయమైంది. హాఫ్ అంటే అందులో సగం, 21.0975. మన బెంగళూరులో 2008 నుంచి జరుగుతున్న వరల్డ్ 10కే కూడా మారథాన్ కాదు, 10 కిలోమీటర్ల రేసు. అలాగని 10కే ఏం తక్కువది కాదండీ, ఇక్కడ ముందు వరసలో వచ్చే మగవాళ్ళు 28 నిమిషాల్లోపు ముగించేస్తారు, అంటే వంద మీటర్లు 17 సెకన్లలోపు, అది వరసగా వందసార్లు!

ఇది మాట పట్టింపు కాదు. ఒకాయన "నాలుగు మారథాన్లు చేశా అన్నా" అంటే నమ్మి ఫుల్ మారథాన్‌కి నా గ్రూపులో రమ్మన్నా, నాలుగూ 10కేలని 24వ కిలోమీటర్ దగ్గర ఆయన కాళ్ళు పట్టేశాక తెలిసింది. అప్పట్నించి ఎవరొచ్చినా "ఎన్ని కిలోమీటర్లు?" అనే అడుగుతా.

అపోహ: హాఫ్‌కి నా వాచీలో 21.4 వచ్చింది, వీళ్ళు కోర్సు తప్పు కొలిచారు

ప్రతి రేసు తర్వాతా ఈ గొడవే. సర్టిఫై చేసిన కోర్సుని, అంటే రేసు దారిని, సైకిల్ చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే పరికరం బిగించి కొలుస్తారు, దాన్ని జోన్స్ కౌంటర్ అంటారు. కొలిచేటప్పుడు మలుపుల్లో గట్టు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, మనిషి పరిగెత్తగల అతి దగ్గర దారి పట్టుకుని పోతారు. పైగా తక్కువ రాకూడదని వెయ్యికి ఒకటి చొప్పున కలుపుతారు, అంటే ఫుల్ మారథాన్‌కి 42 మీటర్లు ఎక్కువే. మనమేమో మలుపుల్లో బయటి వైపు నుంచి తిరుగుతాం, నీళ్ళ టేబుల్ కోసం రోడ్డు ఆ చివరికి పోతాం, జనాన్ని తప్పించుకుంటూ పాములా పోతాం, ఎంజీ రోడ్డు బిల్డింగుల మధ్య, చెట్ల కింద జీపీఎస్ కూడా అటూ ఇటూ కొట్టుకుంటుంది. మలుపుల్ని దగ్గర దారిలో కోయడాన్నే రన్నర్లు టాంజెంట్లు పట్టుకోవడం అంటారు. దానికి అదనంగా ప్రాక్టీసు అక్కర్లేదు, కాస్త దూరం నుంచే తర్వాతి మలుపు ఎటుందో చూసుకుంటే చాలు.

అపోహ: పేసర్ వెనకాల పడితే టైమ్ దానంతటదే వచ్చేస్తుంది

ఇది నా సొంత పని కాబట్టి కాస్త ఎక్కువే రాస్తా. పేసర్లు రెండు రకాలు. ఎలీట్ రేసుల్లో, అంటే గెలుపు కోసం పోటీపడే మేటి అథ్లెట్ల రేసుల్లో, ఉండేవాణ్ణి ర్యాబిట్ అంటారు, గాలికి అడ్డంగా ముందుండి స్పీడు నిలబెట్టి కొంత దూరం తర్వాత తప్పుకుంటాడు. 1954లో ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ మైలుని 3:59.4లో పరిగెత్తినప్పుడు బ్రాషర్, చాటావే ఇద్దరూ చేసింది ఆ పనే. ర్యాబిట్ గెలవకూడదని రూలేం లేదు, 2000లో బెర్లిన్ మారథాన్‌లో పేస్ చెయ్యడానికొచ్చిన సైమన్ బివోట్ చివరిదాకా ఉండిపోయి రేసే గెలిచాడు. అయితే మధ్యలో కొత్త పేసర్లు వచ్చి చేరడం రికార్డుల లెక్కలో కుదరదు, 2019లో వియన్నాలో కెన్యా రన్నర్ కిప్చోగే మారథాన్ దూరాన్ని 1:59:40లో చేసినా ప్రపంచ రికార్డుల పుస్తకంలోకి ఎక్కకపోవడానికి అది ఒక కారణం, అది అందరికీ తెరిచిన పోటీ కాకపోవడం ఇంకో కారణం.

నాలాగా జెండా పట్టుకునేవాళ్ళు రెండో రకం. మా గుంపుని బస్సు అంటారు, సౌతాఫ్రికా కామ్రేడ్స్ రేసులో బాగా పాతుకుపోయిన మాట అది. జెండా మీద 2:00 అని ఉంటే నేను స్టార్ట్ మ్యాట్ (స్టార్ట్ లైన్ మీద పరిచి, మన దగ్గరున్న చిప్‌ని పసిగట్టే చాప) దాటిన క్షణం నుంచి రెండు గంటలు, మీరు దాటిన క్షణం నుంచి కాదు. మీరు నాకంటే నిమిషం ఆలస్యంగా లైన్ దాటి, చివర్లో నా పక్కనే ముగిస్తే మీ చిప్ టైమ్ 1:59. నాకంటే నిమిషం ముందు దాటి నాతో ముగిస్తే 2:01, అప్పుడొచ్చి "అన్నా మీరు మోసం చేశారు" అంటే నేనేం చెప్పను! గన్ టైమ్ అంటే తుపాకీ పేలినప్పట్నించి లెక్క, చిప్ టైమ్ అంటే మీరు మ్యాట్ దాటినప్పట్నించి. మామూలుగా బహుమతుల వరస గన్ టైమ్ మీదే నడుస్తుంది, మీ సర్టిఫికెట్ ఆనందం చిప్ టైమ్ మీద. పోడియం ఆశ ఉంటే ముందు వరసలో నిలబడాలని అందుకే చెప్పేది.

అపోహ: నెగెటివ్ స్ప్లిట్ అంటే టైమ్ చెడిపోవడం

పేరులో నెగెటివ్ ఉందని భయపడతారు. రెండో సగాన్ని మొదటి సగం కంటే తక్కువ టైమ్‌లో పరిగెత్తడం, అంతే. 2018లో బెర్లిన్‌లో కిప్చోగే 2:01:39 చేసినప్పుడు మొదటి సగం 61:06, రెండోది 60:33. 2023లో షికాగోలో కెల్విన్ కిప్టుమ్ 2:00:35 చేసినప్పుడు 60:48, తర్వాత 59:47. మనవాళ్ళేమో "ముందే టైమ్ సేవ్ చేసి పెట్టుకుందాం, చివర్లో మెల్లగా పోవచ్చు" అంటారు. మొదటి పది కిలోమీటర్లలో సంపాదించిన మూడు నిమిషాలకి చివరి పదిలో పదిహేను నిమిషాలు వడ్డీ కట్టినవాళ్ళని ఎంతమందిని చూశానో! అయితే చెన్నై రేసుల విషయంలో ఒక మాట. అక్కడ తెల్లవారుజామున కూడా గాల్లో తడి ఎక్కువ, చెమట ఆరదు, ఎండెక్కేకొద్దీ ఒళ్ళు ఇంకా కాగుతుంది, కాబట్టి బెంగళూరులో 900 మీటర్ల ఎత్తున చల్లగాలిలో వచ్చిన టైమ్‌ని చెన్నై ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఆశించకండి. అక్కడ రెండు సగాలూ సమానంగా వస్తే అదే గొప్ప.

అపోహ: వాల్ అనేది మనసులో ఉంటుంది, గుండె ధైర్యం ఉంటే దాటేయొచ్చు

నాకు కోపమొచ్చేది ఈ మాటకే. వాల్ కొట్టడం, బాంక్ అవడం అంటే ఒంట్లో గ్లైకోజెన్, అంటే పిండిపదార్థం నుంచి దాచుకున్న ఇంధనం, అడుగంటడం. కండరాల్లో, కాలేయంలో కలిపి సుమారు 500 గ్రాములు నిల్వ ఉంటుంది, అంటే దాదాపు 2000 కేలరీలు. పరిగెత్తడానికి కిలో బరువుకి కిలోమీటరుకి సుమారు ఒక కేలరీ ఖర్చు, 60 కిలోల మనిషికి ఫుల్ మారథాన్‌కి 2500 అన్నమాట. కొవ్వు కూడా కొంత ఖర్చవుతుంది గానీ స్పీడు పెరిగేకొద్దీ గ్లైకోజెనే ఎక్కువ కరుగుతుంది, అందుకే చాలామందికి 30, 32 కిలోమీటర్ల దగ్గర ఒక్కసారిగా దీపంలో నూనె అయిపోయినట్టు అవుతుంది. కాళ్ళు మొద్దుబారతాయి, కళ్ళు మసకబారతాయి, ఊరికే ఏడుపొస్తుంది. ఆ స్థితిలో ఉన్న మనిషిని "మనసు గట్టి చేసుకో" అని రోడ్డు పక్కనుంచి అరిచే బదులు ఓ అరటిపండు ఇవ్వండి. రేసులో మొదటి అరగంట, ముప్పావు గంట నుంచే జెల్లో, గ్లూకోజో, ఖర్జూరమో వరసగా తీసుకుంటూ పోతే, మొదట్లో ఎగబడకపోతే, వాల్ చాలామటుకు రాదు.

దీనికి తోకలాంటిదే కార్బ్ లోడింగ్ మీద ఇంకో అపోహ, ముందు రోజు రాత్రి బిర్యానీ దట్టిస్తే అయిపోయిందనుకోవడం. నిజానికి అది ఒకటిన్నర, రెండు రోజుల పని, రోజుకి కిలో బరువుకి 10 నుంచి 12 గ్రాముల పిండిపదార్థం, 60 కిలోలంటే 600 గ్రాములకి పైనే. అదంతా నూనె, మసాలాతో కడుపులోకి పోతే రేసు పొద్దున ఎక్కడ క్యూ కట్టాలో మీకే తెలుసు. ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు, బెల్లం, తేలిగ్గా అరిగేవి. పీచు, పప్పు కాస్త తగ్గించండి. కిలో, కిలోన్నర బరువు పెరిగితే కంగారు పడొద్దు, గ్లైకోజెన్ తనతో పాటు నీళ్ళని పట్టి ఉంచుకుంటుంది.

అపోహ: ప్రతి నీళ్ళ టేబుల్ దగ్గరా ఆగి తాగాల్సిందే

తాగకపోయినా ప్రమాదమే, అతిగా తాగినా ప్రమాదమే, రెండోది మనకి ఎవరూ చెప్పరు. 2002లో బోస్టన్ మారథాన్ పరిగెత్తిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా తేలింది, ఆ పరిశోధన 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. దాన్ని హైపోనట్రేమియా అంటారు. రేసు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్ళకి, అంటే చెమట కంటే ఎక్కువ తాగినవాళ్ళకి, మెల్లగా ఎక్కువసేపు పరిగెత్తేవాళ్ళకి ముప్పు ఎక్కువ. వేళ్ళు ఉబ్బడం, తలనొప్పి, వాంతి, మాట తడబడటం కనిపిస్తే ఇంకా నీళ్ళు పొయ్యకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. దాహమైతే తాగండి, ఎక్కువసేపు పట్టే రేసైతే ఉప్పు కూడా చూసుకోండి.

ఇంకొన్ని గబగబా చెప్పేస్తా

మర్నాటి నొప్పులకి కారణం లాక్టిక్ యాసిడ్ కాదు, లాక్టేట్ ఓ గంటలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది, ఒంటికి అది ఇంధనం కూడా. ఒకటి రెండు రోజుల తర్వాత ఎక్కువయ్యే ఆ నొప్పి కండరాల్లో పడ్డ చిన్న చిన్న చీలికల వల్ల.

కేడెన్స్, అంటే నిమిషానికి వేసే అడుగులు, 180 ఉండాలనేది అందరికీ రూల్ కాదు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కోచ్ జాక్ డేనియల్స్ లెక్కపెట్టింది రేసు స్పీడులో ఉన్న ఎలీట్ అథ్లెట్లని, కిలోమీటర్‌కి ఏడు నిమిషాలు పట్టే మనం ఆ అంకె కోసం కాళ్ళు టపటపా కొట్టుకోనక్కర్లేదు. ఫార్ట్‌లెక్ అంటే స్వీడిష్‌లో వేగంతో ఆట, వాచీ చూడకుండా ఆ చెట్టు దాకా గట్టిగా, ఈ స్తంభం దాకా మెల్లగా అని పరిగెత్తడం, దాన్ని కూడా ఎక్సెల్ షీట్‌లో పెడితే ఇంటర్వల్స్ (లెక్క ప్రకారం గట్టిగా, మెల్లగా మార్చి మార్చి పరిగెత్తడం) అయిపోతుంది. టెంపో అంటే పూర్తి స్పీడు కాదు, గంటసేపు రేసులో నిలబెట్టుకోగలిగినంత స్పీడు. ఈజీ రన్ అంటే పక్కవాడితో ఇంటి సంగతులు ఆయాసం లేకుండా చెప్పగలిగినంత, మన గుంపులో సినిమా కబుర్లు ఆగిపోయాయంటే ఎవరో స్పీడు పెంచారని అర్థం.

బీక్యూ (బోస్టన్ మారథాన్‌కి క్వాలిఫై అయ్యే టైమ్) వచ్చిందంటే బోస్టన్ ఖాయం అని ఒకటి. ఎంసెట్‌లో క్వాలిఫై అవడం వేరు, సీటు రావడం వేరు కదా, ఇదీ అంతే. 2025 రేసుకి వయసుని బట్టి పెట్టిన క్వాలిఫైయింగ్ టైమ్, అంటే స్టాండర్డ్ కంటే 6 నిమిషాల 51 సెకన్లు ముందున్నవాళ్ళనే తీసుకున్నారు, 2026కి స్టాండర్డ్‌నే చాలా వయసులకి 5 నిమిషాలు బిగించి, ఆ పైన ఇంకో 4 నిమిషాల 34 సెకన్లు అడిగారు.

అపోహ: డీఎన్‌ఎఫ్ అంటే పరువు పోయినట్టే

డిడ్ నాట్ ఫినిష్, అంటే మొదలుపెట్టి ముగించనివాళ్ళు. డీఎన్‌ఎస్ అంటే అసలు మొదలే పెట్టనివాళ్ళు. జ్వరంతో రేసు ఎగ్గొట్టడం, ఛాతీలో పట్టేసినట్టుంటే ఆగిపోవడం, ఇవి సిగ్గుపడాల్సినవి కావు. నాకు మూడు డీఎన్‌ఎఫ్‌లున్నాయి, అందులో ఒకటి ఆగి ఉండకపోతే షిన్ (మోకాలి కింద ముందు వైపు) నొప్పి ఎముక చిట్లడం దాకా పోయేదని డాక్టరు చెప్పారు. ముగించలేనివాళ్ళని ఎక్కించుకోవడానికి చివర్లో వచ్చే స్వీపర్ బండి ఎక్కినా తప్పు లేదు, అది మన కోసమే వస్తుంది.

అపోహ: బిబ్ ఒక నంబర్ కాగితమే, ఎవరు వేసుకుంటే ఏంటి

బిబ్ లేకుండా పరిగెత్తేవాళ్ళని బండిట్ అంటారు. 1966లో ఆడవాళ్ళకి ప్రవేశం లేని బోస్టన్‌లో బాబీ గిబ్ బిబ్ లేకుండానే పరిగెత్తింది, ఆమె దగ్గర వేరే దారి లేదు. ఇప్పుడు మన దగ్గర జరిగేది వేరు, ఊరెళ్తున్నా అని ఒకరు తమ బిబ్ ఫ్రెండుకి ఇచ్చేస్తారు.

కొన్నేళ్ళ కింద చెన్నైలో ఒక ఫుల్ మారథాన్‌లో 34వ కిలోమీటర్ దగ్గర నా కళ్ళ ముందే ఒకాయన పడిపోయాడు, నలభై ఏళ్ళుంటాయి. వాలంటీర్ బిబ్ నంబర్ కొట్టి ఎమర్జెన్సీ కాంటాక్ట్‌కి ఫోన్ చేస్తే ఒకావిడ ఎత్తి "మా ఆయన ఇంట్లోనే ఉన్నారండీ, ఇప్పుడే కాఫీ తాగుతున్నారు" అంది. పడిపోయినాయన పేరు మాకు తెలీదు, షుగర్ ఉందో లేదో తెలీదు, బిబ్ మీదున్న బ్లడ్ గ్రూప్ వేరేవాళ్ళది. తెలుగులో "అన్నా, అన్నా" అని పిలుస్తుంటే కాసేపటికి కళ్ళు తెరిచి "అమ్మకి చెప్పొద్దు" అన్నాడు, అప్పుడు తెలిసింది మనవాడేనని. అంబులెన్స్‌లో ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నా, నా జెండా ఎవరికిచ్చానో కూడా గుర్తులేదు. ఆయన కోలుకున్నాడు, నెల్లూరు నుంచి ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తాడు.

రేసు ముందు రోజు రాత్రి పిన్నులు గుచ్చేటప్పుడు బిబ్ వెనక్కి తిప్పండి. పేరు, ఇంట్లో ఫోన్ ఎత్తేవాళ్ళ నంబర్, బ్లడ్ గ్రూప్, వాడే మందులు, పడని మందులు, చెమటకి చెరిగిపోని మార్కర్‌తో పెద్ద పెద్ద అక్షరాలతో రాయండి.