కెర్నల్ మెమరీ లీక్: అపోహలు - వాస్తవాలు

ఇక్కడున్నదంతా లినక్స్ కెర్నల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు) సంబంధించింది. తీసుకున్న మెమరీని అది తిరిగివ్వడం మర్చిపోతే దాన్నే లీక్ అంటాం.

అపోహ: ఫ్రీ మెమరీ రోజురోజుకీ తగ్గుతోంది, అంటే కెర్నల్ లీకవుతోంది.

వాస్తవం: చదివిన ఫైళ్లను పేజ్ క్యాష్‌లో అట్టే పెట్టుకోవడం లినక్స్ అలవాటు. ఎవరికైనా మెమరీ కావలసొస్తే వదిలేస్తుంది. అందుకే మెమ్‌ఇన్ఫోలో (మెమరీ లెక్కలు చూపే ఫైలు) మెమ్‌ఫ్రీ కాకుండా, 3.14 వెర్షన్ నుంచి ఉన్న మెమ్‌అవైలబుల్ చూడాలి. అదీ దిగుతుంటే ముందు అనాన్‌పేజెస్ (ప్రోగ్రాముల సొంత మెమరీ), షెమ్ (షేర్డ్ మెమరీ) వరసలు చూడండి. అవి పెరిగితే ఆ వాడకం ప్రోగ్రాములది, లేదా టీఎంపీఎఫ్ఎస్‌లో (మెమరీలోనే ఉండే ఫైల్ సిస్టమ్) ఎవరో మర్చిపోయిన ఫైళ్లది. అవి నిలకడగా ఉండి ఎస్‌అన్‌రిక్లెయిమ్ (కెర్నల్ తన చిన్న ఆబ్జెక్టులకు వాడే 'స్లాబ్' మెమరీలో అడిగినా వదల్లేని భాగం) ఒక్కటే ఎక్కుతుంటే అప్పుడు కెర్నల్‌ను అనుమానించాలి.

అపోహ: డ్రాప్‌_క్యాషెస్‌లో 3 రాస్తే (క్యాష్‌లు వదలమని కెర్నల్‌కు చెప్పే ఫైలది) లీక్ పోతుంది.

వాస్తవం: పోదు. అది పరీక్షకు పనికొస్తుంది, వైద్యానికి కాదు. డిస్క్‌కు ఇంకా రాయని పేజీలను అది వదలదు కాబట్టి ముందు సింక్ కమాండ్ కొట్టి, తర్వాత 2 (స్లాబ్‌లో వదలగలిగినవి మాత్రమే వదలమని) రాసి, స్లాబ్ అంకెలు ముందూ వెనకా పోల్చండి. తగ్గినంత మేర క్యాష్. దీన్ని క్రాన్‌లో పెట్టి (వేళకోసారి దానంతటదే నడిచేలా) చేతులు దులుపుకోవడం మాత్రం తప్పు. డిస్క్ మీద భారం పెరుగుతుంది, లీక్ అలాగే ఉంటుంది.

అపోహ: స్లాబ్‌టాప్‌లో (స్లాబ్ వాడకాన్ని క్యాష్ వారీగా చూపే కమాండ్) ఏ పేరు పైకొస్తే తప్పు దానిదే.

వాస్తవం: ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. సైజూ లక్షణాలూ కలిసే స్లాబ్ క్యాష్‌లను (ఒకే సైజు ఆబ్జెక్టుల గుంపులను) స్లబ్, అంటే స్లాబ్ మెమరీని పంచే కెర్నల్ భాగం, ఒకదాన్లో ఒకటి కలిపేస్తుంది. పైన కనిపించే పేరు వెనక ఇంకెవరో ఉండొచ్చు. బూట్ లైన్‌లో స్లాబ్_నోమెర్జ్ పెడితే వేటికవి విడిపోతాయి. అప్పటికీ కేమాలక్-256 (256 బైట్ల ఆబ్జెక్టులది) లాంటి ఉమ్మడి క్యాష్ పెరుగుతుంటే, 40 లక్షల ఆబ్జెక్టులకే సుమారు 1 జీబీ పోతుంది; ఎవరు తీసుకున్నారో ఆ పేరు చెప్పదు. స్లబ్_డీబగ్=యూ,కేమాలక్-256 అని బూట్ చేయండి. ప్రతి ఆబ్జెక్టునూ ఏ ఫంక్షన్ తీసుకుందో నమోదవుతుంది. కొత్త కెర్నల్స్‌లో డీబగ్ఎఫ్ఎస్ (కెర్నల్ డీబగ్ సమాచారం చూపే ఫైల్ సిస్టమ్) కింద స్లాబ్ డైరెక్టరీలో, ఆ క్యాష్ పేరు మీదున్న అలాక్_ట్రేసెస్ చదివితే ఫంక్షన్ వారీగా లెక్కా, వయసూ వస్తాయి. ఒకే లోడ్ మీద గంట తేడాతో రెండుసార్లు తీసి పోల్చండి. వెయ్యి కనెక్షన్లు తెరిచి మూస్తే సరిగ్గా వెయ్యి పెరిగిన వరస దొరికిందా, పని సగం అయినట్టే.

లెక్క పెరిగినా లీక్ కాని సందర్భం ఒకటుంది. స్లాబ్‌టాప్‌లో మొత్తం ఆబ్జెక్టులు ఎక్కువ, వాడకంలో ఉన్నవి ('యాక్టివ్') తక్కువ అయితే అది ఫ్రాగ్మెంటేషన్: పేజీలో 16 ఆబ్జెక్టులుంటే ఒక్కటి బతికున్నా ఆ పేజీ తిరిగి రాదు. పైగా ఒక్కో సీపీయూ పట్టుకున్న స్లాబ్‌లను వాడకంలోనే ఉన్నట్టు లెక్కేయడం వల్ల ఆ 'యాక్టివ్' అంకె కాస్త ఎక్కువే చూపిస్తుంది.

అపోహ: కెమెమ్‌లీక్ (కెర్నల్‌లోనే ఉన్న లీక్ వెతికే సాధనం) ఏమీ చెప్పలేదు కాబట్టి లీక్ లేదు.

వాస్తవం: ఎవరి పాయింటరూ చూపని ఆబ్జెక్టులనే అది పట్టిస్తుంది. రెఫరెన్స్ కౌంట్ (ఎందరు వాడుతున్నారన్న లెక్క) తగ్గించడం మర్చిపోయి ఏదో లిస్టులో ఉండిపోయిన ఆబ్జెక్టు దాని కంటికి ఆనదు. నేరుగా అలాక్_పేజెస్‌తో తీసుకున్న పేజీలనూ అది లెక్కలోకి తీసుకోదు. ఇక మొదటి స్కాన్‌లో వచ్చినవన్నీ నిజం కావు. పాయింటర్ ఆ క్షణానికి రిజిస్టర్‌లో ఉండి ఉండొచ్చు. కెమెమ్‌లీక్ ఫైల్లో క్లియర్ అని రాయండి, లోడ్ నడపండి, స్కాన్ అని రాయండి, కాసేపాగి మళ్లీ స్కాన్ చేయండి. రెండుసార్లూ ఉన్నవాటినే నమ్మండి. దానంతటది అయితే 10 నిమిషాలకోసారి స్కాన్ చేస్తుంది.

అపోహ: ప్రాసెస్‌ను చంపినా, మాడ్యూల్ (కెర్నల్‌లోకి ఎక్కించే డ్రైవర్ లాంటి భాగం) తీసేసినా అంతా తిరిగొస్తుంది.

వాస్తవం: ప్రాసెస్ పోతే దాని పేజీలు, ఫైల్ డిస్క్రిప్టర్లు తిరిగొస్తాయి. డ్రైవర్ కేమాలక్‌తో తీసుకుని మర్చిపోయినది రాదు, మాడ్యూల్ తీసేసినా రాదు. ఆ డ్రైవర్‌కు సొంత క్యాష్ ఉంటే మాత్రం మాడ్యూల్ దిగేటప్పుడు 'ఆబ్జెక్ట్స్ రిమైనింగ్' అని డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల లాగ్) కెర్నలే ఫిర్యాదు చేస్తుంది.

అపోహ: స్లాబ్ పెరగలేదంటే కెర్నల్‌కు సంబంధం లేదు.

వాస్తవం: నెట్‌వర్క్, గ్రాఫిక్స్ డ్రైవర్లు పేజీలను నేరుగా తీసుకుంటాయి, మెమ్‌ఇన్ఫోలో వాటికి వరసే ఉండకపోవచ్చు. మొత్తంలోంచి ఫ్రీ, బఫర్లు, క్యాష్, అనాన్, స్లాబ్, పేజ్ టేబుల్స్, కెర్నల్ స్టాక్, హ్యూజ్ పేజీలు తీసేశాక మిగిలిన తేడా గంటగంటకీ పెరుగుతుంటే, పేజ్_ఓనర్ (ఏ పేజీ ఎవరు తీసుకున్నారో రాసుకునే సౌకర్యం)తో బిల్డ్ చేసిన కెర్నల్‌లో, బూట్ లైన్‌లో పేజ్_ఓనర్=ఆన్ పెట్టి రీబూట్ చేసి, ఏ కాల్ స్టాక్ (ఫంక్షన్ల వరస) ఎన్ని పేజీలు పట్టుకుందో చూడండి.