డ్రోన్‌కి అద్దం అంటిస్తే లేజర్ వెనక్కి పోతుందా?

2025 ఏప్రిల్‌లో కర్నూలు రేంజ్‌లో డీఆర్‌డీవో 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చింది. ఆ సంస్థకే చెందిన హైదరాబాద్ 'చెస్' అనే ల్యాబ్ తయారీ. లేజర్ ఆప్టిక్స్ నా పని కావడంతో అప్పట్నుంచి పెళ్లి భోజనాల్లో కూడా ఇదే ప్రశ్న: "డ్రోన్‌కి అద్దం అంటిస్తే సరిపోదూ?"

సరిపోదు. మంచి అల్యూమినియం పూత నూటికి 95 వంతులు తిప్పికొట్టిందనుకుందాం. గాలిలో పోయేది పక్కనపెడితే మిగిలిన 5 శాతమే 1,500 వాట్లు. ఇస్త్రీపెట్టెను మించిన వేడి, అరచేయంత కూడా లేని మచ్చ మీద! పూత నల్లబడితే ఇంకా వేడి పీలుస్తుంది, ఇంకా మాడుతుంది. 99.9 శాతం తిప్పే మా అద్దాలే చిన్న దుమ్ము రేణువు పడితే కాలిపోతాయి. దుమ్ములో ఎగిరే డ్రోన్ సంగతి చెప్పాలా?

మరి ఆ 95 వంతులు ఎటు పోయాయి? ఇది ఒక్కరూ అడగరు. కళ్లు పోయేది ఇక్కడే. ఈ కిరణం తరంగదైర్ఘ్యం సుమారు 1.06 మైక్రాన్లు, అంటే పరారుణ కాంతి, కంటికి కనబడదు. కనబడదు కాబట్టి రెప్ప పడదు, కంటి కటకం మాత్రం దాన్ని బుద్ధిగా రెటీనా మీద చుక్కగా కూర్చేస్తుంది. కొత్తలో నేను వాచీ తియ్యకుండా అలైన్‌మెంట్‌కి, అంటే కిరణాన్ని సరైన దారిలో పెట్టే పనికి, కూర్చున్నాను. స్టీలు పట్టీ మీద తగిలి పక్కకు పోయిన కిరణం గోడకున్న అట్టముక్కను పొగ రేపింది. అట్ట నా తలకి జానెడు దూరంలో ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నగల మీద హాల్‌మార్క్ చెక్కే ఫైబర్ లేజర్‌దీ ఇదే జాతి, 1,064 నానోమీటర్లు, అంటే అదే 1.06 మైక్రాన్లు. దాని ముందు కూర్చునే కుర్రాళ్లూ, ఏ తరంగదైర్ఘ్యాన్ని ఆపుతాయో కళ్లద్దాల మీద రాసిన అంకె చూడండి. నీలి లేజర్‌కి ఇచ్చే నారింజ రంగువి దీన్ని ఆపవు.

ఇంకొక్క సంగతి త్వరగా. గురి సరిదిద్దడానికి లేజర్ పెద్ద గొట్టాన్ని ఊపరు, లోపలి చిన్న అద్దం కదులుతుంది. అది 10 మైక్రోరేడియన్లు (చాలా చిన్న కోణం) వంగితే కిరణం 20 తిరుగుతుంది, 3 కిలోమీటర్ల దూరంలో 6 సెంటీమీటర్లు జరుగుతుంది.

కర్నూలు పక్క ఉండే మా పిన్ని వాట్సాప్‌లో ఈ లేజర్ సంగతి చూసి భయపడి ఫోన్ చేసింది, డాబా మీద వడియాలు పెడితే క్యాన్సర్ వస్తుందా అని. ఈ పరారుణ కాంతికి డీఎన్ఏని తెంచే శక్తి లేదు పిన్నీ, ఆ పని ఎండలోని అతినీలలోహితం చేస్తుంది అన్నాను. వడియాలు పెట్టుకో, నువ్వు మాత్రం నీడన కూర్చో.