బరువు తగ్గించే క్లినిక్‌లు: బోర్డు మీద ఉన్నవీ, చట్టంలో ఉన్నవీ

ఊబకాయానికి వైద్యం చేసే ఫిజీషియన్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఏదో ఒక సెంటర్లో ప్యాకేజీ డబ్బు కట్టి ఉంటారు. వాళ్ల చేతిలో రసీదు, డైట్ చార్టు ఉంటాయి. ఏ మందు ఎంత డోసు ఇచ్చారో రాసిన కాగితం మాత్రం ఉండదు. "పెద్ద సెంటర్ కదా సార్, అన్ని పర్మిషన్లూ ఉంటాయిలే అనుకున్నాం" అంటారు. ఆ అనుకోవడం దగ్గరే మొదలుపెడతాను.

అపోహ: గోడకి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంటే, అక్కడి చికిత్సకు ప్రభుత్వ ఆమోదం ఉన్నట్టే.

వాస్తవం: మన దగ్గర "వెయిట్ లాస్ క్లినిక్" అని విడిగా లైసెన్సు ఏదీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి రాష్ట్ర చట్టం కింద, తెలంగాణలో 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద ప్రైవేటు క్లినిక్‌లు జిల్లాలో రిజిస్టర్ చేసుకోవాలి. స్థలం, సిబ్బంది, కనీస వసతుల వరకే ఆ సర్టిఫికెట్ చెబుతుంది. డాక్టర్ అర్హత రాష్ట్ర వైద్య మండలి పరిధిలోకి వస్తుంది. మందులు ఔషధ నియంత్రణ శాఖ చూస్తుంది. అక్కడ అమ్మే ప్రోటీన్ పొడి ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) కిందికి వెళ్తుంది. ఒక కాగితం చూపించి నాలుగింటికీ సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. కొన్ని స్లిమ్మింగ్ సెంటర్లకు మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు తప్ప మరేమీ ఉండదు. దాంతో షాపు నడపొచ్చు, సూది మందు ఇవ్వడానికి అది చాలదు.

డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లోనూ, ప్రిస్క్రిప్షన్ మీదా కనిపించాలని వైద్య వృత్తి నిబంధనలే చెబుతున్నాయి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

అపోహ: వారానికో ఇంజెక్షనే కదా, ఎవరు వేసినా ఒకటే.

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. టిర్జెపటైడ్ (మౌంజారో) 2025 మార్చిలో, బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ (వెగోవీ) అదే ఏడాది జూన్‌లో మన మార్కెట్‌లోకి వచ్చాయి. మంచి మందులే, నేనూ రాస్తాను. కానీ ఇవి డాక్టర్ చీటీ మీదే ఇవ్వాల్సినవి. బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క) 30 లేదా అంతకు మించి ఉన్నవాళ్లకి, లేదంటే 27 లేదా అంతకు మించి ఉండి బీపీ, షుగర్ లాంటి సమస్య ఉన్నవాళ్లకి ఉద్దేశించినవి. పెళ్లికి ముందు నాలుగు కిలోలు తగ్గాలనుకునే అమ్మాయికి కాదు.

మొదటి సూదికి ముందు కొన్ని విషయాలు అడిగి తీరాలి. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా? మీకు ఎప్పుడైనా ప్యాంక్రియాస్ వాపు వచ్చిందా, పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయా? గర్భం ప్లాన్ చేస్తున్నారా? సెమాగ్లుటైడ్ అయితే గర్భానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి. షుగర్‌కి ఇన్సులిన్ వాడుతున్నారా? ఇవేవీ అడగకుండా ముందు బరువు చూసి, వెంటనే బిల్లు వేశారంటే అది వైద్యం కాదు, అమ్మకం.

డోసు కూడా మెట్లు మెట్లుగా పెంచాలి. టిర్జెపటైడ్ 2.5 మిల్లీగ్రాములతో మొదలై కనీసం నాలుగు వారాలు అక్కడే ఉండాలి. "త్వరగా రిజల్ట్ కావాలి" అన్నారని నేరుగా 5 వేస్తే, వాంతులతో నీరసించి ఆస్పత్రిలో చేరేది పేషెంటే.

ఈ మందు నింపి వచ్చే పెన్ (పెన్ను ఆకారంలోని ఇంజెక్షన్ పరికరం) విషయం మరీ ముఖ్యం. నాలుగు డోసులున్న పెన్ ఒక్క మనిషికే. సూది మార్చినా సరే, దాన్ని ఇద్దరికి వాడకూడదు. రక్తం వెనక్కి పెన్ లోపలికి చేరే ప్రమాదం ఉంది, హెపటైటిస్ బి లాంటివి అలాగే పాకుతాయి. క్లినిక్ ఫ్రిజ్‌లో పెన్ ఉంచి, డోసు లెక్కన డబ్బు తీసుకునే చోట ఆ పెన్ మీద మీ పేరు ఉందో లేదో చూడండి. తెరవని పెన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ ఉంచాలి. బ్యాచ్ నంబరుతో బిల్లు అడగండి. రిజిస్టర్డ్ డాక్టర్ తన సొంత పేషెంట్‌కి మందు ఇవ్వడానికి ఔషధ నిబంధనల్లో వెసులుబాటు ఉంది. సెంటర్ మేనేజర్‌కి అది వర్తించదు.

అపోహ: ఐఎస్‌ఓ ఉంది, ఎన్‌ఏబీహెచ్ ఉంది, ఇంకేం కావాలి?

వాస్తవం: ఐఎస్‌ఓ సర్టిఫికెట్ సెంటర్ పనిచేసే పద్ధతుల గురించి చెబుతుంది, వైద్య ఫలితాల గురించి కాదు. ఎన్‌ఏబీహెచ్ (ఆస్పత్రుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపుకి నా దృష్టిలో విలువ ఉంది, కానీ అది స్వచ్ఛందంగా తీసుకునేది. ఒక బ్రాంచికి వచ్చిన గుర్తింపు మిగతా బ్రాంచిలన్నిటికీ వర్తించదు.

అపోహ: మూలికల పొడే కాబట్టి ఏ హానీ ఉండదు.

వాస్తవం: సిబుట్రమిన్ అనే బరువు తగ్గించే మందు గుండెకు ముప్పని తేలడంతో మన దేశం 2011లో నిషేధించింది. "నేచురల్" అని అమ్మే పొడుల్లో, క్యాప్సూల్స్‌లో అదే మందు కలిపి దొరికిన ఉదంతాలు చాలా దేశాల్లో ఉన్నాయి. పొడి వాడటం మొదలెట్టాక గుండె దడ, నిద్ర పట్టకపోవడం, బీపీ పెరగడం కనిపిస్తే వెంటనే ఆపేసి, డబ్బా కూడా తీసుకుని డాక్టర్ దగ్గరికి రండి. డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉంటే, ఆహారంగా అమ్మడానికి అనుమతి ఉందని మాత్రమే అర్థం.

అపోహ: "30 రోజుల్లో 10 కిలోలు" అని బహిరంగంగా ప్రకటన ఇస్తున్నారంటే నిజమే అయి ఉంటుంది.

వాస్తవం: 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం షెడ్యూలులో ఊబకాయం కూడా ఉంది. ఫలానా మందుతో దాన్ని నయం చేస్తామని ప్రకటించడమే నేరం. డాక్టర్లు పేషెంట్ల కోసం ప్రచారం చేసుకోవడాన్ని వైద్య నైతిక నిబంధనలు కూడా ఒప్పుకోవు. పెద్ద పరిశోధనలో సెమాగ్లుటైడ్ వాడినవాళ్లు 68 వారాల్లో సగటున 15 శాతం దగ్గర తగ్గారు. అంటే 90 కిలోల మనిషి ఏడాదికి పైగా వాడితే దాదాపు 13 కిలోలు. మందు ఆపేశాక ఏడాదిలో తగ్గిన దాంట్లో మూడింట రెండొంతులు తిరిగి వచ్చింది. ఈ రెండో లెక్క చెప్పని క్లినిక్ మీకు సగం సంగతే చెప్పింది. తగ్గే బరువులో కండ కూడా ఉంటుంది కాబట్టి ప్రోటీన్, వ్యాయామం గురించి మాట్లాడే డైటీషియన్ అక్కడ ఉన్నారా, ఉంటే ఏం చదివారు, అదీ అడగండి.

అపోహ: "చెల్లించిన సొమ్ము వాపసు ఇవ్వబడదు" అని సంతకం పెట్టాం, ఇక చేసేదేం లేదు.

వాస్తవం: డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. రసీదు మీద ఒక వాక్యం అచ్చు వేసినంత మాత్రాన ఆ హక్కు పోదు. ముందుగా మీ చికిత్స రికార్డు (కేసు షీటు) కాపీ రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వడం డాక్టర్ బాధ్యత. ప్రకటన స్క్రీన్‌షాట్, రసీదు, వాట్సాప్ సందేశాలు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. అర్హత లేనివాళ్లు సూది వేశారని అనుమానం ఉంటే డీఎంహెచ్‌వోకి (జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి), మందు మీద అనుమానం ఉంటే డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు చేయండి. వాడేసిన పెన్, దాని అట్టపెట్టె అప్పటిదాకా పారేయకండి. బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటుంది.