ఎట్టా కోన్ ఎవరి కోసం పాడాలి?

ఆధునిక చిత్రాలను సేకరించిన బాల్టిమోర్ (అమెరికా) అక్కాచెల్లెళ్లు క్లారిబెల్, ఎట్టా కోన్‌ల కథను సంగీత నాటకంగా రంగస్థలం మీదికి తెస్తే చాలు, పాత తగవు మళ్లీ రాజుకుంటుంది. చిత్రాలు కొనడం గురించి ఎన్ని పాటలు కట్టినా ఎవరూ కాదనరు. చిత్రకారుడు మాటిస్ ఇల్లు, పికాసో చలిగది, పారిస్ వీధులు, అన్నీ పాటకు ఒదిగేవే. చిక్కంతా ఒక్క ప్రేమ పాట దగ్గర వస్తుంది. చెల్లెలు ఎట్టా ఆ పాటను పారిస్‌లో స్థిరపడిన అమెరికన్ రచయిత్రి గెర్ట్రూడ్ స్టైన్ కోసం పాడవచ్చా, పాడకూడదా?

కూడదనే వారి వాదన ఇది. ఎట్టా 1949లో కన్నుమూసింది. తన మనసులో ఏముందో నలుగురికీ తెలిసేలా ఎన్నడూ చెప్పుకోలేదు. ఆ కాలపు ఆడవాళ్లు స్నేహితురాళ్లకు రాసే ఉత్తరాల్లో ఆప్యాయత పొంగిపొర్లేది. దాన్ని ఈనాటి కళ్లతో చదివి ప్రేమ అనడం పొరపాటు. పైగా అంత గొప్ప కళా సేకరణను నిలబెట్టిన మనిషిని విఫల ప్రేమికురాలిగా చూపితే ఆమె జీవితకాలపు పని మరుగున పడుతుంది. ఈ చివరి మాటకు బరువుంది, కాదనలేను. అయితే ఎట్టా విషయంలో ఆ పనినీ ఆ ప్రేమనూ విడదీయడం సాధ్యమా అన్నదే నా సందేహం.

అన్నదమ్ముల బట్టల మిల్లులు, డెనిమ్ మీద వచ్చిన డబ్బు, అక్క క్లారిబెల్ వైద్య పట్టా, 1898లో పెద్దన్న మోజెస్ ఇచ్చిన 300 డాలర్లతో ఎట్టా ఇంటి ముందుగదికి థియోడర్ రాబిన్సన్ చిత్రాలు కొనడం, ఇవన్నీ చాలాసార్లు చెప్పుకున్నవే. వాటిని ఇక్కడ వదిలేస్తున్నాను. ఈ తగవు పుట్టింది ఒక టైపు మిషన్ దగ్గర.

1905 శరదృతువులో ఎట్టా పారిస్‌లో ర్యూ మాదామ్ వీధిలో ఇల్లు అద్దెకు తీసుకుంది. గెర్ట్రూడ్ అన్న మైకేల్, వదిన సారా ఉండేది అదే భవనంలో. గెర్ట్రూడ్, మరో అన్న లియో కాపురమున్న ర్యూ ద ఫ్లూరూస్ అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దగ్గర. ఆ ఏడాది సలోన్ దోతోన్ ప్రదర్శనలో మాటిస్ చిత్రాలు చూసి జనం నవ్వుతున్నప్పుడు స్టైన్ కుటుంబం అందులో ఒకటి కొన్నది. నవంబరులో గెర్ట్రూడ్ వెంట పికాసో స్టూడియోకు వెళ్లిన ఎట్టా 120 ఫ్రాంకులకు ఒక రేఖాచిత్రం, ఒక ఎచింగ్ తీసుకుంది. 1906 జనవరిలో సారా ఆమెను మాటిస్ ఇంటికి తీసుకెళ్లింది. అక్కడా రేఖాచిత్రాలు కొన్నది, అదే ఏడాది ఆయన తైలవర్ణ చిత్రం ఒకటి కూడా. తరువాత నలభై ఏళ్లకు పైగా సాగిన సేకరణకు విత్తనాలు పడింది ఆ కొద్ది నెలల్లోనే.

ఆ నెలల్లోనే గెర్ట్రూడ్ తన తొలి పుస్తకం 'త్రీ లైవ్స్' పూర్తి చేసింది. అచ్చుకు పంపాలంటే చేతిరాత ప్రతిని టైపు చేయాలి. ఆ పని ఎట్టా నెత్తిన వేసుకుంది, అడగకుండానే. పగలు గెర్ట్రూడ్ రాసిన మాటలు టైపు చేయడం, తీరిక దొరికితే గెర్ట్రూడ్ చూపించిన చిత్రకారుల దగ్గర బొమ్మలు కొనడం. ఇందులో స్నేహం ఎక్కడ ముగిసింది, కళాభిరుచి ఎక్కడ మొదలైంది, ప్రేమ ఎక్కడ ఉంది అని గీతలు గీయమంటే నా వల్ల కాదు. ప్రేమ కథ చెబితే సేకరణ కథ మరుగున పడుతుందనే వారు ఈ చలికాలాన్ని ఒకసారి నింపాదిగా చూడాలి.

మరి ఈ టైపు పని గురించి లోకానికి తెలిసిందెలా? 1933లో వచ్చిన 'ది ఆటోబయోగ్రఫీ ఆఫ్ ఆలిస్ బి. టోక్లస్' ద్వారా. పేరుకు అది గెర్ట్రూడ్ జీవిత సహచరి ఆలిస్ ఆత్మకథ, రాసింది గెర్ట్రూడ్. అందులో ఎట్టా టైపు చేసిన తీరు ఇలా ఉంటుంది: రాతప్రతిని చదవవచ్చని గెర్ట్రూడ్ చెప్పడం మరచిపోయింది. తీరా వెళ్లి చూస్తే, పొరపాటున అర్థం తెలిసిపోతుందేమోనని ఎట్టా ఒక్కో అక్షరాన్నే చూస్తూ టైపు చేస్తోంది. అనుమతి దొరికాక గానీ వాక్యాలుగా చదవలేదు. ఇంకో చోట, పికాసోకు డబ్బు కటకట వచ్చినప్పుడల్లా గెర్ట్రూడ్ ఎట్టాను తీసుకెళ్లి వంద ఫ్రాంకుల బొమ్మలు కొనిపించేదని ఉంటుంది.

ఈ రెండు కథలు చదివి లోకం నవ్వుకుంది. ఆ నవ్వులోంచే ఒక ఎట్టా తయారైంది: పిరికిది, మరీ మర్యాదస్తురాలు, ఎవరు ఎటు నడిపిస్తే అటు నడిచేది. తరువాత వచ్చిన జీవిత చరిత్రలు, వ్యాసాలు, నాటకాలు ఈ ఎట్టాను దాటి రావడానికి చాలా కాలం పట్టింది. నా దృష్టిలో ఈ కథంతా మలుపు తిరిగింది 1933లో. ఆ పుస్తకం ఎలాంటి ఇంట్లో, ఎలాంటి రోజుల్లో పుట్టిందో చూస్తే తప్ప ఈనాటి గొడవ అర్థం కాదు.

అందుకోసం ఒక ఏడాది వెనక్కి వెళ్లాలి. 1932లో గెర్ట్రూడ్ పాత కాగితాల్లోంచి 1903లో రాసి పక్కన పడేసిన చిన్న నవల ఒకటి బయటపడింది. ముగ్గురు స్త్రీల మధ్య ప్రేమ దాని కథ. బాల్టిమోర్‌లో వైద్యం చదివే రోజుల్లో మే బుక్‌స్టేవర్ అనే యువతిని ప్రేమించి భంగపడిన గెర్ట్రూడ్ సొంత గాథే అది. ఆ ప్రేమ సంగతి అన్నేళ్లు తన దగ్గర దాచినందుకు ఆలిస్ భగ్గుమంది. మే రాసిన ఉత్తరాలను నాశనం చేసింది. ఆ ఏడాది గెర్ట్రూడ్ రాస్తున్న కవితల్లో 'మే' అనే ఇంగ్లిష్ మాట కనిపించిన చోటల్లా దాన్ని తీసి వేరే మాట పెట్టించింది, అర్థం చెడిపోతున్నా సరే. అది మనిషి పేరు కాదు, భాషలో రోజూ వాడే మామూలు క్రియాపదం. అయినా ఆ శబ్దం కూడా ఆ ఇంట్లో వినపడకూడదు.

ఆ ఏడాది శరదృతువులోనే, ఆ ఇంట్లోనే, ఆలిస్ గొంతుతో ఆ ఆత్మకథ రాయడం జరిగింది. గెర్ట్రూడ్ గతంలోని ఆడవాళ్లు అందులో ఎంత చిన్నగా కనిపించాలో నిర్ణయమైంది ఆ రోజుల్లోనే. మేతో ప్రేమ ఊసే లేదు. ఎట్టాకు చోటు దొరికింది, నవ్వు తెప్పించే మనిషిగా. పాత ప్రేమలను గుమ్మం అవతలికి నెట్టేస్తున్న ఇంట్లో రాసిన పుస్తకాన్ని నిష్పాక్షిక సాక్ష్యంగా పట్టుకుని, ఎట్టాకూ గెర్ట్రూడ్‌కూ మధ్య ఏమీ లేదని తేల్చేయడం నాకు న్యాయంగా తోచదు. ఎట్టా గెర్ట్రూడ్‌కు రాసిన ఉత్తరాలు యేల్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. వాటి నిండా ఆరాటం, ఎదురుచూపు. ఆ కాలపు స్నేహాల భాషే అంత అని కొట్టిపారేసే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆడవాళ్లు ఆడవాళ్లను ప్రేమించవచ్చని గెర్ట్రూడ్, ఎట్టా ఉన్న ఆ బాల్టిమోర్ మిత్రబృందానికి తెలుసు. అందులో ఒకరు 1903లోనే దాన్ని నవలగా రాసుకుని దాచిపెట్టింది. ఆ నవల అచ్చయింది గెర్ట్రూడ్ చనిపోయాక, 1950లో. అప్పటికి ఎట్టా కూడా లేదు.

1907 సెప్టెంబరులో ఆలిస్ టోక్లస్ పారిస్ చేరుకుంది. 1910లో గెర్ట్రూడ్ ఇంటికే మారిపోయింది. అంతకుముందే గెర్ట్రూడ్ కోసం ఆమె మొదట చేపట్టిన పనుల్లో ఒకటి 'త్రీ లైవ్స్' ప్రూఫులు దిద్దడం. ఎట్టా టైపు చేసిన పుస్తకానికి ఆలిస్ ప్రూఫులు చూసింది! 1909లో పుస్తకం వెలువడేసరికి గెర్ట్రూడ్ రాతలను టైపు చేసే కుర్చీలోకి మరొకరు వచ్చేశారు, చివరి దాకా లేవలేదు. మాటల్లేకుండా ఈ ఒక్క సంగతిని రంగస్థలం మీద చూపగలిగితే ఏ ప్రేమ పాటా అక్కర్లేదేమో అని కూడా అనిపిస్తుంది.

1924లో గెర్ట్రూడ్ ఆ 'త్రీ లైవ్స్' రాతప్రతినే వెయ్యి డాలర్లకు కొంటావా అని ఎట్టాను అడిగింది. ఒకప్పుడు ఒక్కో అక్షరం చూసి టైపు చేసిన కాగితాలకు ఇప్పుడు వెల. ఎట్టా కొనలేదు. డబ్బుకు వెనుకాడే మనిషి కాదు. ఆమె మనసు ఎందుకు నొచ్చుకుందో వివరించనక్కర లేదు.

పాడకూడదనే వారు మరో మాట అంటారు: ఎట్టా తనే మౌనంగా ఉంది, ఆ మౌనాన్ని గౌరవించండి. మంచి మాటే. కానీ ఆ మౌనం ఎంతవరకు ఆమె ఎంచుకున్నది? 1923లో న్యూయార్క్ అపోలో థియేటర్‌లో ఇద్దరు స్త్రీల ప్రేమను చూపిన షోలెం ఆష్ నాటకం ఆడినందుకు నిర్మాతనూ నటీనటులనూ అరెస్టు చేసి అశ్లీలత నేరం కింద శిక్షించారు. పై కోర్టు ఆ తీర్పును తరువాత కొట్టేసింది. 1927 ఫిబ్రవరి 9న ఇలాంటి కథే ఉన్న ఇంకో నాటకం మీద పోలీసులు దాడి చేశారు. ఆ ఏడాదే న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది: అటువంటి ప్రేమను రంగస్థలం మీద చూపితే థియేటర్‌కు తాళం వేయవచ్చు. ఆ చట్టం రద్దయింది 1967లో. ఎట్టా బతికి ఉండగా, ఆమె పోయిన పద్దెనిమిదేళ్ల దాకా కూడా, ఆ పాటను న్యూయార్క్ పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వే మీద పాడటం చట్టం ఒప్పని పని. స్వలింగ ప్రేమికురాలు ప్రధాన పాత్రగా బ్రాడ్‌వే మీద ఒక సంగీత నాటకం వచ్చి టోనీ పురస్కారం అందుకున్నది 2015లో. నోరు విప్పితే తాళం పడే కాలంలో బతికిన మనిషి నోరు విప్పలేదు కాబట్టి చెప్పడానికి ఏమీ లేదనడం ఏ రకం గౌరవం?

సేకరణ సంగతికి వస్తే, ఆ 'పిరికి ఎట్టా' బొమ్మ అక్కడా నిలవదు. సాహసాలన్నీ అక్క క్లారిబెల్‌వే అని చెప్పడం అలవాటైపోయింది. క్లారిబెల్ సాహసి, నిజమే. మాటిస్ 1907లో వేసిన 'బ్లూ న్యూడ్'ను 1926లో పారిస్ వేలంలో 1,20,760 ఫ్రాంకులకు దక్కించుకుంది. ఒకప్పుడు గెర్ట్రూడ్, లియో ఇంటి గోడ మీద ఉన్న చిత్రమది. కానీ క్లారిబెల్ 1929లోనే చనిపోయింది. బాల్టిమోర్‌లో ఆధునిక కళ పట్ల ఆదరణ మెరుగుపడితే తన చిత్రాలను ఆ ఊరి మ్యూజియానికి ఇవ్వమని సూచిస్తూ వీలునామా రాసి, అన్నీ చెల్లెలి చేతిలో పెట్టింది. ఆ తరువాతి ఇరవై ఏళ్లూ సేకరణను ఎట్టా ఒంటరిగా పెంచింది. 1930 డిసెంబరులో మాటిస్ బాల్టిమోర్‌లో ఆమె ఇంటికి వచ్చాడు. 1935లో 'పింక్ న్యూడ్' వేస్తూ, బొమ్మ ఏ దశలో ఎలా మారుతోందో 22 ఫోటోలు తీసి ఆమెకు పంపాడు. ఎట్టా దాన్ని కొన్నది. ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తే కొనే మనిషికి అంతటి చిత్రకారుడు అన్ని ఫోటోలు పంపడు.

ఎట్టా పోయాక సుమారు మూడు వేల వస్తువులు బాల్టిమోర్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌కు చేరాయి. వాటిని ఉంచడానికి కొత్త భవన భాగం కట్టమని 4,00,000 డాలర్లు కూడా వదిలింది. అది 1957లో తెరుచుకుంది. కళను ప్రేమించిన పెళ్లికాని అక్కాచెల్లెళ్లు అనే గౌరవప్రదమైన కథ ఆ గదుల చుట్టూ అల్లుకున్నది. ఇప్పుడు అభ్యంతరం చెబుతున్న వారు కాపాడుతున్నదీ ఆ కథనే. వారి శ్రద్ధను శంకించను. వారు నమ్ముకున్న ఎట్టా 1933 పుస్తకంలోంచి వచ్చిన ఎట్టా అని మాత్రం చెప్పక తప్పదు.

గెర్ట్రూడ్ ముఖచిత్రం అనగానే అందరికీ పికాసో వేసిందే గుర్తొస్తుంది. దాన్ని ఆమె తన వీలునామా ద్వారా న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చింది. ఫెలిక్స్ వలొటన్ వేసిన మరో ముఖచిత్రం కూడా ఉంది. ముదురు రంగు దుస్తుల్లో నిండుగా కూర్చున్న గెర్ట్రూడ్. వేసిన ఏడాది 1907, ఆలిస్ పారిస్‌కు వచ్చిన సంవత్సరం. ఆ చిత్రం ఇప్పుడు బాల్టిమోర్‌లో, కోన్ సేకరణలో ఉంది.